మాస్టారి కారులో ఇరవయ్యేళ్ల మరకలు

మన ఇళ్లలో కారు కొనడం అంటే చిన్నసైజు పెళ్లే! మంచిరోజు చూస్తారు. బానెట్ మీద పసుపూ కుంకుమా పెడతారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. కొబ్బరికాయ కొట్టి, బంధువులందరికీ స్వీట్లు పంచుతారు. అంతా అయ్యాక ఒక్క పని మాత్రం మిగిలిపోతుంది. సీట్ల మీద షోరూమువాళ్లు వేసిన పాలిథిన్ కవర్లు తీయరు. ‘ఉండనివ్వండి, మాసిపోతాయి’ అంటుంది ఇల్లాలు. ‘అవునవును’ అంటాడు ఇంటాయన. ఎండాకాలంలో వీపుకి అంటుకుపోతున్నా, కూర్చున్నప్పుడల్లా కరకరమని చప్పుడు చేస్తున్నా, అక్కడక్కడా చిరిగి వేలాడుతున్నా ఆ కవరు ఉండాల్సిందే. అది పూర్తిగా పీలికలయ్యాక గుడ్డ కవరు. అది మాసిపోతే దానిమీద ఇంకో టవలు. అసలు సీటు బట్ట ఏ రంగులో ఉంటుందో ఆ ఇంట్లో పిల్లలకు తెలియకుండానే పెద్దవాళ్లయిపోతారు.

సీటుని కాపాడుకోవడానికే ఇదంతా! మరి కాపాడుతోందా?

తెనాలిలో ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారికి ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

ఆయనది మారుతి జెన్. 1993లో మార్కెట్లోకి వచ్చి, 2006లో తయారీ ఆగిపోయిన బండి. మాస్టారు దాన్ని 2004లో, కృష్ణా పుష్కరాలకు ముందు బ్యాంకు లోను పెట్టి కొన్నారు. హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి కారు కొనడం ఆ వీధిలో అప్పట్లో విశేషమే. సొంత కారైనా 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ ఫిట్‌నెస్ చూపించుకోవాలి. మాస్టారు 2019లో ఒకసారి, 2024లో మరోసారి ఆ తతంగం పూర్తిచేశారు. ‘దానికీ నాకూ ఒకటే పరీక్ష. ఇంజను బాగానే ఉంది, పైపైన మరమ్మతులే’ అని నవ్వుతుంటారు.

ఇంజను గురించి ఎవరేమన్నా నవ్వేసే ఆయన, ఆమధ్య సంక్రాంతికి కోడలు అన్న ఒక్క మాటకు మాత్రం రెండు రోజులు ముభావంగా ఉండిపోయారు.

హైదరాబాదు నుంచి కొడుకూ కోడలూ వచ్చారు. ఎనిమిది నెలల మనవడు. గుడికి బయల్దేరబోతుంటే కోడలు వెనక సీటు దాకా వచ్చి ఆగింది. ‘మామయ్యగారూ, ఏమీ అనుకోకండి... లోపల ఏదో ముక్క వాసన వస్తోంది. బాబుకి అసలే జలుబు. మేం ఆటోలో వచ్చేస్తామండీ’ అంది. తప్పుగా ఏమీ అనలేదు. మెల్లగానే అంది. కొడుకు మాత్రం ఇంకాస్త ముందుకెళ్లి, ‘ఎన్నాళ్లు నాన్నా ఇది? ఇచ్చేసి కొత్తది తీసుకో’ అన్నాడు.

మాస్టారు మాట్లాడలేదు. బండి అమ్మడం ఆయనకు ఇష్టం లేదు. కవర్లు విప్పడం అంతకన్నా ఇష్టం లేదు. ముందు ఎడమవైపు సీటు మీదున్న కవరు కింద ఏముందో ఆయనకు తెలుసు.

భార్యకు 2018లో క్యాన్సర్ అని తేలింది. వైద్యం గుంటూరులో. కీమోథెరపీ చేయించుకుని వస్తుంటే దారిలో వాంతులయ్యేవి. ఒళ్లో కవరు పట్టుకుని కూర్చున్నా ఒక్కోసారి ఆగేది కాదు. ‘ఏమండీ, బండంతా పాడుచేశాను’ అని ఆవిడ నొచ్చుకునేది. ‘బండిదేముందే’ అనేవారాయన. ఇంటికొచ్చి పైకవరు ఉతికి ఆరేసేవారు. కిందికి ఇంకినదాని జోలికి వెళ్లేంత ఓపికా, మనసూ అప్పుడు లేవు. 2019లో ఆవిడ పోయింది. ఆ నెలలోనే మాస్టారు కుషన్ వర్క్స్ షాపుకి వెళ్లి, ఉన్న కవర్ల మీదే కొత్తవి కుట్టించేశారు. మళ్లీ విప్పలేదు.

వాసన వస్తోందని కోడలు అంటే ఆయనకు తగిలింది అందుకే. ఆ వాసన ఎక్కడిదో తనకు తెలుసనుకున్నారు. దాన్ని కడిగేయమంటున్నారు అనుకున్నారు.

కవరు కింద దేశపటం

సంక్రాంతి వెళ్లింది. మాఘమాసం ఎండలు వచ్చాయి. గాలిలో తేమ తగ్గింది. సీట్లు కడగాలంటే ఇదే అదను. వానాకాలంలో తడిపిన స్పాంజి ఆరదు. తడిసినది ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. ఇవన్నీ తెలిసిన మాస్టారు ఒక ఉదయం నాలుగు తలుపులూ బార్లా తీసి, వెనక సీటు కవర్లు విప్పడం మొదలుపెట్టారు. ముందు సీటు జోలికి మాత్రం పోలేదు.

విప్పి చూస్తే... దేశపటం! ఒకచోట తెల్లటి సున్నం గీతల్లాంటి వలయాలు. ఒకచోట ఎర్రటి చుక్కలు. ఇంకోచోట ఇటుకరంగు మచ్చ. తల ఆనేచోట నల్లగా జిడ్డు. వీటి మధ్యలో అక్కడక్కడా, షోరూములో చూసినప్పుడు ఉన్నట్టే బూడిదరంగు బట్ట.

కార్ల సీట్లకు వాడే బట్ట చాలావరకు పాలిస్టరు. దానికింద పాలియురేథేన్ స్పాంజి. పాలిస్టరుకి ఓ గుణం ఉంది. నీటిని పెద్దగా పీల్చుకోదు. మామూలు గాలిలో నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుకుంటే, పాలిస్టరు అర శాతం కూడా పట్టదు. అదే నూనె అయితే అంటిపెట్టుకుంటుంది. కాబట్టి సీటు మీద నీళ్లు పోస్తే బట్ట తాగదు, పోగుల సందుల్లోంచి కిందికి దిగి స్పాంజి తాగుతుంది. పైన బట్ట ఆరిపోయినట్టే ఉంటుంది. అడుగున స్పాంజి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. బకెట్టు నీళ్లు కుమ్మరించి, బ్రష్షు పెట్టి బరబరా రుద్దేవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. మరక పోతుందో లేదోగానీ వాసన మాత్రం ఖాయం.

అందుకే మొదటి పని తడి కాదు, పొడి. మాస్టారు పక్కింటివాళ్ల వాక్యూమ్ క్లీనర్ అడిగి తెచ్చుకున్నారు. సన్నమూతి గొట్టం పెట్టి కుట్ల వెంబడీ, సీటుకీ వీపు ఆనే భాగానికీ మధ్య సందులోనూ లాగారు. దుమ్ము ఉండగా తడి చేస్తే అది బురదవుతుంది. ఆ బురద పోగుల్లోకి దిగితే ఇక బయటకు రాదు. ఎండిన మట్టి మరకైనా అంతే. ముందు బాగా ఎండనిచ్చి, దులిపి, ఆ తర్వాతే తడిగుడ్డ.

సందులోంచి ఏమేం వచ్చాయని! పావలా బిళ్లలు రెండు. 2011లో చెల్లకుండా పోయిన పావలాలు. తిరుపతి వెళ్తూ తిన్న పులిహోరలోని వేరుశెనగ పప్పులు, రాళ్లలా ఎండిపోయి. అమ్మాయి జడపిన్నులు. నీలం మూత ఒకటి. ఆడవాళ్ల స్లైడు ఒకటి. దాన్ని మాస్టారు కాసేపు చేతిలో పట్టుకుని, చొక్కా జేబులో వేసుకున్నారు.

పుష్కరాల వలయాలు

ఆ తెల్లటి వలయాల కథ 2004 నాటిది. అమరావతిలో పుష్కర స్నానం చేసి, తడిబట్టలతోనే పిల్లలిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ‘ప్లాస్టిక్ కవరుందిగా, ఫర్వాలేదు’ అనుకున్నారందరూ. కవరు మీదున్న నీళ్లు జారి, కుట్ల సందుల్లోంచి లోపలికి పోయాయి. పోయిన నీరు ఆవిరై బయటకు రావడానికి ఆ ప్లాస్టికే అడ్డం! కాపాడుతుందనుకున్న కవరే తడిని నెలల తరబడి మూతపెట్టి దాచింది.

ఈ వలయాలు ఎందుకు పడతాయో తెలుసుకోవడం మరకలు తీసేవాళ్లకు చాలా అవసరం. బల్లమీద కాఫీ చుక్క పడి ఆరితే మధ్యలో లేతగా, అంచున ముదురుగా మచ్చ పడుతుంది. ఎందుకలా? చికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1997లో ‘నేచర్’ పత్రికలో దీనికి కారణం వివరించారు. చుక్క అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరైపోతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యలోంచి నీరు అంచుకు ప్రవహిస్తుంది. తనతోపాటు మురికి రేణువుల్నీ మోసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది. సీటు మీదా ఇదే కథ. మచ్చ ఉన్నంతమేర మాత్రమే తడిపి తుడిస్తే, ఆరాక దాని చుట్టూ ఇంకో పెద్ద వలయం తయారవుతుంది. ‘మరక పోయింది, ఇంతలో ఇదెక్కడిది’ అని జనం విస్తుపోయేది ఇందుకే.

దీనికి మందు ఒకటే. ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా, ఆ ముక్క మొత్తాన్ని ఒకేలా, పలచగా తడి చేయాలి. మాస్టారు లీటరు గోరువెచ్చటి నీళ్లలో బట్టల లిక్విడ్ ఒక చెంచా వేశారు. గిలక్కొట్టి, పైన తేలిన నురగను మాత్రమే స్పాంజితో తీసి సీటుకి పట్టించారు. మెత్తటి బ్రష్షుతో ఒకటే దిశలో తేలిగ్గా రాశారు. తర్వాత తెల్లటి పాత పంచెగుడ్డతో అద్దారు. రుద్దడం కాదు, అద్దడం. రుద్దితే మురికి లోపలికి పోతుంది, పోగులు లేచి బట్ట నూగు కడుతుంది. అద్దితే మురికి గుడ్డలోకి వస్తుంది. గుడ్డ తెల్లదే ఎందుకంటే, రంగుగుడ్డ దిగితే అదో కొత్త మరక. పైగా ఎంత మురికి వస్తోందో కళ్లకు కనిపిస్తుంది.

చివరగా మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో రెండుసార్లు తుడిచారు. పిండితే ఇంక చుక్క రాకూడదు, అదీ కొలత. సబ్బు మిగిలిపోతే ఆ జిగురుకి దుమ్ము అంటుకుని, కడిగిన చోటే ముందు మాసిపోతుంది.

సబ్బు పెడితే ఎర్రబడిన పసుపు

ఇటుకరంగు మచ్చ అమ్మాయి పెళ్లినాటిది. 2011లో పెళ్లికని కవర్లు విప్పి ఉతికారు. తిరిగి తొడిగే తీరిక ఎవరికుంది? పసుపు కొట్టిన రోలు దగ్గర్నుంచి లేచివచ్చిన పేరంటాళ్లే ఆ సీట్లో కూర్చున్నారు. మర్నాడు కారు కడిగే కుర్రాడు పసుపు మచ్చ చూసి, బట్టల సబ్బు పెట్టి రుద్దాడు. పచ్చటిది కాస్తా ఎర్రబడింది. ‘రక్తం మరకలా ఉంది మాస్టారూ’ అని వాడు బెదిరిపోయాడు.

మాస్టారు నవ్వారట. ముప్ఫయ్యేళ్లపాటు పిల్లలకు ఆయన చేసి చూపించిన ప్రయోగమే అది. పసుపు కాగితం మీద సబ్బునీళ్లు వేస్తే ఎర్రబడుతుంది, నిమ్మరసం వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. సబ్బు క్షారం. ఎర్రబడటమంటే మరక ముదిరిందని కాదు, రంగు మార్చిందనే.

కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది. వెలుతురు తగిలితే వెలిసిపోతుంది. ఈ మూడూ తెలిస్తే చాలు. మాస్టారు ముందు వెనిగర్ కలిపిన నీళ్లతో అద్ది ఎరుపుని పసుపుకి తెచ్చారు. నిమ్మకాయ కన్నా వెనిగర్ మేలు, చక్కెర జిగురు మిగలదు. తర్వాత దూదికి సర్జికల్ స్పిరిట్ పట్టించి, అంచు నుంచి మధ్యకు అద్దుకుంటూ వచ్చారు. దూది పచ్చబడినప్పుడల్లా కొత్తది మార్చారు. ఆ తర్వాత తలుపు తీసి, నాలుగు రోజులు పొద్దుటి ఎండ నేరుగా సీటు మీద పడేలా బండి తిప్పి పెట్టారు. పద్నాలుగేళ్ల పసుపు! పూర్తిగా పోలేదు. తెలిసినవాళ్లు వెతికితే తప్ప కనిపించనంత లేతబడింది.

ఎర్ర చుక్కలు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ నాటివి. ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన కారులో ఎర్ర బాల్‌పెన్ను కక్కేసింది. సిరా పైకవరుతో ఆగలేదు, సీటుకి దిగింది. దీనికీ స్పిరిట్టే మందు. కరోనా నాటి నుంచి ప్రతి ఇంట్లో మూలన పడున్న శానిటైజర్ సీసా కూడా పనికొస్తుంది. జిగురు తక్కువగా, నీళ్లలా ఉండే రకమైతే మంచిది. అయితే స్పిరిట్ మండే వస్తువు. తలుపులన్నీ తీసి, దగ్గర్లో సిగరెట్టూ అగ్గిపుల్లా లేకుండా చూసుకోవాలి. కొందరు మెకానిక్ షెడ్లలో చేసినట్టు పెట్రోలుతో తుడవడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే.

తల ఆనేచోట జిడ్డు మాస్టారి అత్తగారి కొబ్బరినూనెది. దానికి ముందు నీళ్లు తగలకూడదు. టాల్కం పౌడరు దట్టంగా చల్లి రాత్రంతా వదిలేశారు. పొద్దున్నే వాక్యూమ్‌తో లాగేశారు. రెండుసార్లు ఇలా చేశాక పట్టించిన నురగ మిగిలిన జిడ్డుని తీసుకుంది. పౌడరు పీల్చేది పీల్చాకే సబ్బు పని సులువవుతుంది.

ఏ మందైనా సరే, ముందు సీటు అడుగున కనిపించనిచోట ఒక చుక్క వేసి, ఆరాక చూడాలి. బట్ట రంగు దిగకపోతేనే పైన వాడాలి. బ్లీచింగ్ మాత్రం సీటుకీ పనికిరాదు, సీటు బెల్టుకి అసలే పనికిరాదు. బెల్టు పోగులు బలహీనపడితే అది కట్టుకున్నా కట్టుకోనట్టే. బ్లీచింగ్‌ని వెనిగర్‌తోగానీ అమ్మోనియా ఉన్న అద్దాల లిక్విడ్‌తోగానీ కలిపితే విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన కారులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సీట్ల కింద పసుపుపచ్చ గొట్టాల్లో వైర్లు ఉంటాయి. వాటిని తడపకూడదు, పీకకూడదు. సీటే ఊడదీయాలనుకుంటే మెకానిక్‌ని పిలవాల్సిందే.

ఆ ముందు సీటు

వెనకభాగమంతా అయ్యేసరికి వారం పట్టింది. సీట్లు మెరిసిపోతున్నాయి. కానీ వాసన పోలేదు! తలుపు మూసి పదినిమిషాలు ఆగి తీస్తే అదే ముక్క వాసన. ఇక ఆ ముందు సీటే మిగిలింది.

సీటు వెనక్కి జరపడానికని మాస్టారు ముందు ఎడమవైపు రబ్బరు మ్యాట్ తీశారు. కింద కార్పెట్ చెమ్మగా తగిలింది. అంచు పట్టి లేపితే అడుగున ఫెల్టు నల్లగా బూజుపట్టి ఉంది. మెకానిక్‌ని పిలిపించారు. అతను బండి కిందికి దూరి చూసి, ‘ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది మాస్టారూ. నీళ్లు బయటికి పోక లోపల కారుతున్నాయి’ అన్నాడు. గొట్టంలోకి గాలి కొడితే ఉండకట్టిన మట్టీ చెత్తా ఊడిపడి, ఆగివున్న నీళ్లు బొటబొటా కారాయి.

ఏసీ వేసినప్పుడు లోపల చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారుతుంది. మామూలుగా అది సన్నటి గొట్టం గుండా రోడ్డు మీద పడుతుంది. బండి నిలిపినచోట కింద తడి కనిపించేది అందుకే. ఆ గొట్టం మూసుకుపోతే నీరు ముందు సీటు కాళ్ల దగ్గరికి వస్తుంది. పాత కార్లలో ముక్క వాసనకు సీట్లకన్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ తర్వాత తలుపుల రబ్బరు బీడింగులు, ముందద్దం అంచులు, డిక్కీలో స్టెపినీ ఉండే గుంత. తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా ఎన్ని సెంట్లు కొట్టినా, ఎన్ని బిళ్లలు వేలాడదీసినా వృథా.

మాస్టారు ఆ నల్లటి ఫెల్టు ముక్కని చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయారు. ఇన్నాళ్లూ ఆయన అనుకున్నది వేరు. ఆ వాసన ఆవిడ అనారోగ్యానిదని, దాన్ని కడిగేస్తే ఆవిడకు ద్రోహం చేసినట్టని. తీరా చూస్తే అది మూసుకుపోయిన గొట్టం వాసన! కోడలు అన్నది ఆవిడ గురించి కానేకాదు. బూజు వాసన జలుబున్న పసివాడికి మంచిదికాదని తల్లి అన్న మాట, నూటికి నూరుపాళ్లూ నిజం.

ముక్కుకి గుడ్డ కట్టుకుని ఫెల్టుని పూర్తిగా తీసి పారేశారు. బూజు పట్టిన ఫెల్టుని ఉతికి లాభం లేదు. కార్పెట్ కడిగి రెండురోజులు మేడమీద ఆరేశారు. ఆ తర్వాత, ఏ బెదురూ లేకుండా ముందు సీటు కవరు విప్పారు. ఒకదానికింద ఒకటి, రెండు కవర్లు.

మరక ఉంది. అరచేతి వెడల్పున, టీరంగులో, అంచులు గట్టిపడి. వాంతి, పాలు, రక్తం... ఇవన్నీ మాంసకృత్తుల మరకలు. వేడినీళ్లు తగిలితే గుడ్డు ఉడికినట్టు గడ్డకట్టి పోగులకు పట్టుకుంటాయి. అందుకే ముందు చన్నీళ్లు. మాస్టారు చన్నీటి గుడ్డతో అద్ది నానబెట్టి, మెత్తబడ్డదాన్ని చెంచా వెనకభాగంతో తేలిగ్గా గీకి తీశారు. ఎంజైములున్న లిక్విడ్‌ని గోరువెచ్చటి నీళ్లలో కలిపి నురగ పట్టించి, అరగంట ఆగారు. ఎంజైములు మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తాయి. కానీ వాటికి కాస్త టైమివ్వాలి, ఆలోపు ఆరిపోకూడదు. అందుకని పైన తడిగుడ్డ కప్పారు. అద్దారు. మంచినీళ్లతో తుడిచారు. ఆరనిచ్చారు. మర్నాడు మళ్లీ. మూడోనాడు మళ్లీ. పుల్లటి వాసన మిగలకుండా ఆఖర్న తినేసోడా చల్లి రాత్రంతా ఉంచి లాగేశారు. పుల్లటి వాసనలు ఆమ్లాలవి. సోడా వాటికి విరుగుడు. పసుపు మరకలున్న చోట మాత్రం సోడా చల్లకూడదు. ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు!

ఇంతా చేస్తే లేత నీడ లాంటిది మిగిలింది. మాస్టారు నాలుగోసారి చేయలేదు. ఏళ్ల తరబడి ఉన్న మరకలో మురికి వేరు, రంగు వేరు. మురికి పోతుంది. పోగు రంగే మారిపోతే అది ఇక బట్టలో భాగమే. దాన్ని పోగొట్టాలని పట్టుబడితే చిరిగేది బట్టే. ఆయనకు గుర్తొచ్చింది ఒక్కటే, ‘బండంతా పాడుచేశాను’ అని నొచ్చుకున్న ఆ గొంతు. ఆవిడకు ఇల్లు తుడవందే కాఫీ దిగేది కాదు. ఆ సీటుని అలా మూతపెట్టి ఉంచడం ఆవిడే ఒప్పుకునేది కాదని ఆయనకు అప్పటికి అర్థమైంది.

ఖర్చెంత, కష్టమెంత?

లిక్విడూ, స్పిరిట్టూ, వెనిగరూ, సోడా అన్నీ కలిపినా కొత్త సీటు కవర్ల ఖరీదులో పిసరంత. ఓపికే ఎక్కువ కావాలి. అది లేనివాళ్లకు కార్లు కడిగే సెంటర్లున్నాయి. నురగ పట్టించి, మురికి నీటిని మిషనుతో వెనక్కి లాగేస్తారు. అక్కడైనా ‘ఎంతసేపట్లో ఆరుతుంది’ అని అడిగి, తలుపులు తీసి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టేవాళ్ల దగ్గరే చేయించుకోవాలి. మాస్టారు కూడా తలుపు దగ్గర టేబుల్‌ఫ్యాను పెట్టి రోజంతా తిప్పారు. బట్ట చిరిగిపోయి, స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే మాత్రం కడుక్కుని లాభంలేదు. కుషన్ మేస్త్రీ దగ్గరికి వెళ్లి స్పాంజి మార్పించి, బట్ట కుట్టించుకోవడమే మేలు.

కవర్లు మళ్లీ తొడగాలా అన్నది మిగిలిన ప్రశ్న. మాస్టారి లెక్కలో కవరు తప్పుకాదు, విప్పకపోవడం తప్పు. ఆయన ఇప్పుడు కుట్లేసి బిగించేవి కాకుండా ఊడదీసే నూలు కవర్లు వేశారు. నెలకోసారి అవి ఉతుక్కి, అవి ఆరేలోపు సీట్లు ఎండకి. డ్యాష్‌బోర్డు అరలో రెండు తెల్లగుడ్డలు, ఒక చన్నీళ్ల సీసా. మరక పడ్డ మొదటి ఐదు నిమిషాల్లో అద్దిన గుడ్డ చేసే పని, ఐదేళ్ల తర్వాత ఏ మందూ చేయలేదు.

ఉగాదికి కొడుకూ కోడలూ మళ్లీ వచ్చారు. కోడలు తలుపు తీసి, లోపలికి వంగి చూసి, ‘మామయ్యగారూ, ఇది అదే బండేనా?’ అంది. ముందు సీట్లో కూర్చుని పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకోబోతుంటే మాస్టారే ఆపారు. ‘ముందు వద్దమ్మా, పిల్లాడితో వెనకే కూర్చో’ అన్నారు. బండి వీధి మలుపు తిరగలేదు, పాలసీసా మూత ఊడి సీటు మీద పడింది. ‘అయ్యో’ అని కోడలు నాలుక కరుచుకుంది.

మాస్టారు బండి పక్కకు ఆపారు. అరలోంచి గుడ్డ తీశారు. చన్నీళ్లతో తడిపి, పిండి, కోడలి చేతికిచ్చారు. ‘రుద్దకు తల్లీ, అద్దు’ అన్నారు.

కవరు కింద ఈసారి ఏమీ మిగల్లేదు.